వాల్వులు తోమిన పండుగ

షాపులో నా పని ఊడ్చడం, తుడవడం, మధ్యాహ్నం సద్ది తేవడం. ఈ పనుల్లో నన్ను మించినవాళ్లు లేరని చాలాకాలం అనుకున్నాను. తుడవడం గురించి మాత్రం ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు. ఎందుకో చెబుతాను.

మా ఆయన ఒకప్పుడు నర్సంపేట నుంచి పరకాల దాకా పెండ్లిళ్లకు, జాతరలకు మైకుసెట్లు కట్టేవాడు. ఆ పని పెద్ద పెద్ద సౌండు బాక్సులవాళ్ల చేతుల్లోకి పోయాక హనుమకొండలో ఒక సందులో చిన్న షట్టరు కిరాయికి తీసుకుని పాత రేడియోలు, రికార్డు ప్లేయర్లు, వాల్వు సెట్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. వాల్వు అంటే ఇప్పటివాళ్లకు నల్లా పైపుకు ఉండేదే తెలుసు. ఇది వేరు. ట్రాన్సిస్టర్లు రాకముందు పాటను పెద్దది చేసింది ఈ గాజు బుడ్డే. బొటనవేలంత ఉంటుంది. కింద సూదుల్లాంటి కాళ్లు గుండ్రంగా పేర్చి ఉంటాయి. కరెంటు పెడితే లోపల సన్నగా, ఎర్రగా వెలుగుతుంది. ఆ వెలుగు చూసుకోవడానికే కొందరు ఆ సెట్లను పారేయకుండా దాచుకుంటారు. మా బువ్వ అట్లా నడిచింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. సుబేదారిలో మా వాడకట్టులోనే ఉండే ఒక రిటైరైన టీచరమ్మ పొద్దుటిపూట మా ఆడవాళ్లను కూర్చోబెట్టి దిద్దించేది. అక్షరాలు వచ్చాక నాతో వేగడం కష్టమైపోయింది. బస్సెక్కితే కిటికీలోంచి కనబడ్డ బోర్డునల్లా పైకి చదివేదాన్ని. విత్తనాల దుకాణం. దంత వైద్యశాల. ఇచ్చట వాహనములు నిలుపరాదు. మా ఆయన ఒకరోజు ఇక ఆగలేకపోయాడు.

"చదువు, వద్దంటలేను. కని జర మనసుల చదువుకో. బస్సుల అందరు మన దిక్కే చూస్తాన్రు."

"చూడనీ. వాళ్లకు చదువు రాకపోతె నేనేం జెయ్యాలె?"

"వాళ్లకు వచ్చు. గందుకే సప్పుడు జేస్తలేరు."

తెలుగు అయిపోయాక ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు పట్టుకున్నాను. అప్పుడు వాల్వుల మీద పడ్డాను. వాటి గాజు మీద తెల్ల రంగుతో చిన్న అచ్చు ఉంటుంది. ఒకటి తీసి వెలుతురుకు పట్టి, "పన్నెండు, ఏ, ఎక్స్, ఏడు" అని అప్పజెప్పినట్టు చదివాను. టంకం పెడుతున్న మా ఆయన తల ఎత్తాడు. నా చదువుకు ఆయన తల ఎత్తడం అదే మొదటిసారి.

"ముందుగాల ఉన్న అంకె ఏందో ఎర్కేనా? దాని లోపల ఎర్రగ వెలిగే ఫిలమెంటు ఎన్ని ఓల్టులు తాగుతదో గది. పన్నెండని ఉంటె పన్నెండు తాగుతది. ఆరని ఉంటె ఆరు."

ఇక ఆ రోజు నుంచి నేను షాపులో ఏ వాల్వు కనబడ్డా పట్టుకుని "ఇది పన్నెండు తాగేది, ఇది ఆరు తాగేది" అని ప్రకటించడం మొదలుపెట్టాను. పశువులకు కుడితి పోసే మనిషిలాగా. షాపుకు వచ్చినవాళ్లు నన్ను కూడా ఒక మెకానిక్కే అనుకోవాలని నా కోరిక. చేతిలో చీపురు ఉండటంవల్ల ఎవరూ అనుకోలేదు.

దసరా దగ్గర పడుతుండగా ఒక బట్టల సేటు చెక్కపెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. వరంగల్ బజారులో దుకాణం. మైకుసెట్ల రోజుల నుంచీ మా ఆయనకు తెలిసినవాడే. పెట్టెలో ఉన్నది సేటు నాయన వాడిన ప్రీ యాంప్లిఫయరు. రికార్డు మీద ముల్లు తిరిగినప్పుడు పుట్టే పాట చీమ నడకంత ఉంటుంది. దాన్ని ముందుగా ఒక మోస్తరు పెంచి పెద్ద యాంప్లిఫయరుకు అందించడం ఈ పెట్టె పని. లోపల నాలుగు వాల్వులు.

"పాట మంచిగనే వస్తది అన్నా," అన్నాడు సేటు. "కని పాట లేనప్పుడు బుయ్యని ఒకటే హమ్మింగ్. మా నాయన ఉన్నప్పుడు లేకుండె. మధ్యల ఎవరో మెకానిక్ చెయ్యి వెట్టిండు, గప్పటిసంది గిట్లనే. పట్నంల చూపిస్తె వాల్వులు తీసేసి కొత్త బోర్డు వేసుకొమ్మన్నరు. వాల్వులు తీసేసినంక ఇగ అది మా నాయనదెట్లయితది?"

"దసరాకు ముందే ఇస్త, ఫికర్ చెయ్యకు," అన్నాడు మా ఆయన.

సేటు పోయాక ఆయన చాలాసేపు ఆ పెట్టె మూత తీయలేదు. దానికి కారణం నాకు తెలుసు. ఆ ఏడాది ఆయన బాగుచేసిన సెట్లు ఒకటొకటే తిరిగి వస్తున్నాయి. అందరిదీ ఒకే మాట, హమ్మింగ్ పోలేదని. ఆయన ఒప్పుకునేవాడు కాదు. వాళ్లింట్లో ఎర్తు సరిగా లేదనేవాడు, పక్కన ఫ్రిజ్జు ఉందనేవాడు. కానీ ఆ సాయంత్రం పెట్టె మీద చెయ్యి వేసి, నా మొహం చూడకుండా అన్నాడు.

"ఇది గూడ తిరిగొచ్చిందనుకో, షట్టర్ గుంజేస్త. ఇగ ఇంట్లనే కూసుంట."

ఇంట్లో కూర్చోవడమంటే ఆయనకు ఏమిటో నేను చూశాను. కరోనా వచ్చి షాపు మూసినప్పుడు ఇంట్లో ఫ్యాన్ల రెగ్యులేటర్లు విప్పి బిగించాడు. మిక్సీ విప్పి బిగించాడు. నడుస్తున్న గోడ గడియారాన్ని విప్పాడు, అది మళ్లీ నడవలేదు. విప్పడానికి ఇంకేమీ లేకుండా పోయాక గోడ దిక్కు తిరిగి పండుకున్నాడు. అన్నం తినమంటే లేచి తిని మళ్లీ గోడ దిక్కే తిరిగేవాడు. ఆ మనిషిని మళ్లీ చూడాలని నాకు లేదు. కాబట్టి ఆ పెట్టెలో హమ్మింగ్ పోవాలని నేను సేటు కంటే ఎక్కువ మొక్కుకున్నాను. మొక్కుకుని ఊరుకుంటే బాగుండేది.

మర్నాడు ఆయన పెట్టె విప్పాడు. నేను పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. అసలు ఆ సప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పమన్నాను. చదువుకున్నదాన్ని కదా, అన్నీ తెలుసుకోవాలి.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. సప్పుడు ఫిలమెంటు దిక్కు నుంచి వస్తుంది, కానీ వాల్వులో ఫిలమెంటు పాడదు. అది పొయ్యి మాత్రమే. దాని చుట్టూ సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. పొయ్యి వేడికి గిన్నెలోంచి ఆవిరి లేచినట్టు, ఫిలమెంటు వేడికి ఆ గొట్టం నుంచి కంటికి కనబడని కరెంటు రవ్వలు లేస్తాయి. పాట నడిచేది ఆ రవ్వల మీద. అప్పటిదాకా నేను ఎర్రగా వెలిగేదే పాట అనుకున్నాను. ఎంత బాగా వెలిగితే అంత బాగా పాడుతుందనీ అనుకున్నాను.

"అయితె ఇంకిన్ని ఓల్టులిస్తె పాట ఇంక గట్టిగ వస్తదా?"

"మంట ఎక్కువ వెడితె అన్నం ఎక్కువైతదా? మాడుతది."

"వేడెక్కినంక ఫిలమెంటు బందు జేస్తె? సప్పుడు గూడ పోతది గద."

"అన్నం ఉడుకుతుంటె పొయ్యి ఆర్పుతవా నువ్వు?"

నాకు వంట వచ్చు కాబట్టి ఆయన అట్లా చెబుతున్నాడని తెలుస్తూనే ఉంది. కొంచెం కోపం కూడా వచ్చింది. కానీ అట్లా చెబితేనే ఎక్కింది.

ఇక సప్పుడు సంగతి. మన ఇండ్లకు వచ్చే కరెంటు ఒక దిక్కు పారదు, ముందుకూ వెనక్కూ ఊగుతుంటుంది. దాన్నే ఏసీ అంటారు. పాత సెట్లలో ట్రాన్స్‌ఫార్మరు ఆ ఊగే కరెంటునే చిన్నది చేసి ఫిలమెంటుకు ఇచ్చేది. పొయ్యికి మంట ఊగినా నిలిచినా ఒకటే, వేడి వేడే. కానీ ఆ ఊపు పక్కనే ఉన్న పాటకు అంటుకుంటుంది. పెద్ద యాంప్లిఫయరులో పాట అప్పటికే పెద్దదై ఉంటుంది కాబట్టి ఎవరికీ పట్టదు, పెండ్లి మండపంలో ఎవరో దగ్గినట్టు. ప్రీ యాంప్లిఫయరులో అయితే పసిపిల్ల పండుకున్న గదిలో దగ్గినట్టు. పాటతోపాటు ఆ దగ్గునూ కలిపి ముందున్న పెట్టె పెద్దది చేస్తుంది. దాన్ని ఆపడానికి పాతకాలంలో ఫిలమెంటు తీగలు రెంటినీ జడలాగా మెలిపెట్టి, పాట తీగలకు దూరంగా మూలకు వేసేవాళ్లు. మధ్యలో చెయ్యి పెట్టిన మెకానిక్ ఆ జడ విప్పేసి పాట తీగల పక్కనుంచే లాగాడు.

"జడేస్తె కొంత తగ్గుతది," అన్నాడు మా ఆయన. "కని సేటుకు కొంత తగ్గుడు గాదు, పోవాలె. గందుకని ఫిలమెంటుకు డీసీ ఇస్త. డయోడులు ఊగే కరెంటును ఒక్క దిక్కే నడిపిస్తయి. కండెన్సర్ దాన్ని గోళెంల నీళ్ల లెక్క నిలువవెడ్తది. అట్ల నిలువవెడితె ఓల్టులు పెరుగుతయి, గందుకే ఆఖరుకు ఈ మూడు కాళ్లదాన్ని వెడ్త. ఇది పన్నెండు దాటనియ్యది."

ఆ పెట్టెలో మూడు వాల్వులు పన్నెండు తాగేవి, ఒకటి ఆరు తాగేది. ఆ ఒక్కదానికి మధ్యలో చిన్న రెసిస్టరు పెట్టి ఆరుకు దించుతానన్నాడు. నాలుగూ ఒకే పొడుగు, ఒకే లావు, ఒకే లెక్కన కాళ్లు. ఆరుదాన్ని పొరపాటున పన్నెండు దాని జాగాలో పెడితే అక్కడికక్కడే మాడిపోతుందని, అట్లాంటిది మళ్లీ దొరకదని, ఇది కూడా ఆయనే చెప్పాడు. నేను బుద్ధిమంతురాలిలాగా తల ఊపాను. వాల్వులు నాలుగూ పీకి, ఏది ఎక్కడిదో ఆ వరుసలోనే ఒక బట్ట మీద పెట్టి, డయోడులు తేవడానికి బజారుకు పోయాడు.

దసరాకు ఆయుధ పూజ చేస్తాం. షాపులో స్క్రూడ్రైవరు నుంచి టంకం కడ్డీ దాకా అన్నీ కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టాలి. పండుగ ఇంకా రెండు రోజులుంది, ముందుగానే మొదలుపెడదామనుకున్నాను. బట్ట మీద నాలుగు వాల్వులు నల్లగా, జిడ్డుగా కనబడ్డాయి. సేటు నాయన కాలం నాటి పొగ. వాటిని చూడగానే నాకు చిన్నప్పటి కందిలి గుర్తొచ్చింది. మా ఇంట్లో కందిలి గ్లాసు తుడిచేది నేనే. తడి పేలికకు బూడిద అద్ది తుడిస్తే గ్లాసు ఉన్నట్టే కనబడేది కాదు, అంత తెల్లగా వచ్చేది. ఇప్పుడు బూడిద ఎక్కడిది? దేవుని పటం దగ్గర విభూతి ఉంది.

కాళ్లకు తడి తగలకుండా ఎంత జాగ్రత్తగా పట్టుకున్నానో చెప్పలేను. ఒక్కొక్కటే తోమి, పొడి బట్టతో తుడిచి, స్టీలు పళ్లెంలో పెట్టాను. నాలుగు వాల్వులూ వజ్రాల్లా మెరిశాయి. పండుగ పూట బాగుంటుందని పళ్లెంలో గుండ్రంగా పేర్చాను. తర్వాత, నా అలవాటు ప్రకారం, చదువుదామని ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

అచ్చు లేదు. తిప్పి చూశాను. ఇంకోటి తీశాను. దాని మీదా లేదు. ఏళ్ల తరబడి వేడికి కాలిన ఆ తెల్ల రంగు పిండి కంటే మెత్తగా ఉంటుందని, గట్టిగా ఊదినా రాలుతుందని నాకేం తెలుసు? నాలుగు వాల్వుల మీదా ఒక్క అంకె లేదు. పేలికకు మాత్రం తెల్లగా అంటుకుని ఉంది. అది రంగో విభూతో కూడా తెలియదు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత యాభై ఏళ్లు అక్షరం ముట్టనిదాన్ని, ముట్టిన కొద్దిరోజులకే షాపులో అక్షరాలు లేకుండా చేశాను.

మా ఆయన వచ్చి పళ్లెం చూశాడు. ఖాళీ బట్ట చూశాడు. నన్ను చూశాడు.

"ఏం జేసినవే?"

"తోమిన."

ఆయన ఒక వాల్వు తీసి అద్దాలు పైకెత్తి చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. స్టూలు మీద కూర్చున్నాడు.

"చదువు రానప్పుడే నయముండె. చీపురు పట్టుకొని గంతవరకే ఉండేదానివి."

టీ తెప్పించాను. టీ తాగాక ఆయన కొంచెం మెత్తబడ్డాడు.

"ఒకప్పుడైతె గాజులకెల్లి లోపలి రేకు చూసి చెప్పేటోన్ని. ఇప్పుడు కండ్లు ఆనుతలెవ్వు. మీటరు తే."

అంకె పోయినా ఫిలమెంటును అడిగితే చెబుతుందట. పన్నెండు తాగే వాల్వులో ఫిలమెంటు రెండు ముక్కలు. ఆ రెండూ కలిసే చోటును తొమ్మిదో కాలికి తెచ్చి ఉంచుతారు. అందుకని మీటరు తీగలను నాలుగో కాలికి, తొమ్మిదో కాలికి ఆనిస్తే లోపల దారి ఉన్నట్టు మీటరు కూస్తుంది. ఆరు తాగేదానిలో తొమ్మిదో కాలికీ ఫిలమెంటుకూ సంబంధం లేదు. కూయదు. మూడు కూయాలి, ఒకటి కూయకూడదు. అంతే పని. నా తప్పు ఇంత సులువుగా తీరిపోతుందని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన మీటరు చాలా పాతది. దాని మొహం మీద అంకెలు ఎప్పుడో మసకబారాయి. అయినా పారేయలేదు. కాళ్లు అంత సన్నగా ఉన్నప్పుడు చూపంతా వాటి మీదే పెట్టి, కూత కోసం చెవి అప్పజెప్పడం ఆయన పద్ధతి. మొదటి వాల్వు పట్టుకుని తీగలు ఆనించాడు. పక్కన పెట్టాడు. రెండోది, మూడోది, నాలుగోది కూడా చూసి పక్కన పెట్టాడు. ఆయన మొహం తెల్లబోయింది.

"నాలుగుట్ల ఒక్కటి గూడ కూస్తలేదు. ఫిలమెంట్లు తెగినయి. తోమంగ గట్టిగ గుద్దినవా ఏంది? సేటుకు ఏం చెప్పాలె నేను?"

"కూస్తలేకపోవుడేంది," అన్నాను. "మూడు కూసినయి. ఆఖరుదే కూస్తలేదు."

ఆయన మళ్లీ మొదటిదానికి తీగలు ఆనించాడు. మీటరు కుయ్‌మని కూసింది. ఎదురుగా టీకొట్టు దాకా వినబడేంత కూత.

"కూసిందా?" అని అడిగాడు.

"కూస్తాంది. ఇంక కూస్తనే ఉన్నది."

ఆయన తీగలు తీయలేదు. మీటరు కూస్తూనే ఉంది. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు, నేను అబద్ధమాడుతున్నానేమో కనిపెట్టడానికి. నేను ఆయన మొహంలోకి చూశాను. అప్పుడు నాకు తిరిగొచ్చిన సెట్లన్నీ అర్థమయ్యాయి. ఏళ్ల తరబడి మైకుసెట్ల హారన్ల పక్కన నిలబడ్డ చెవులు అవి. ఇంట్లో నేను పిలిస్తే పలకకపోవడం పెండ్లయిన కొత్తలోనే మొదలైంది కాబట్టి, వినబడక పలకని రోజులు ఎప్పుడు మొదలయ్యాయో నేను కనిపెట్టలేకపోయాను. ప్రతి ఆడదీ మొగుడి గురించి అనే మాటే నేనూ అంటున్నాననుకున్నాను.

ఆయన తీగలు తీసి మీటరు ఆపాడు. ఆపాక కూడా, ఆగిందో లేదో అన్నట్టు ఒకసారి మీట చూసుకున్నాడు.

"దీనికి బ్యాటరీ మార్చాలె," అన్నాడు.

"మార్చుదాం," అన్నాను.

కూయని వాల్వుకు నేను ఎర్ర దారం కట్టాను. ఆరు తాగేది అది. కట్టేటప్పుడు ఎందుకైనా మంచిదని నాలుగు ముళ్లు వేశాను. తీసేటప్పుడు కత్తెర కావాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

మర్నాడు ఆయన డీసీ పని ముగించాడు. వాల్వులు పెట్టకముందే ఓల్టులు చూసుకున్నాడు, ముల్లు తిరిగే ఇంకో మీటరుతో. కూసేదాన్ని ముట్టలేదు. వాల్వులు గుచ్చి, స్పీకరు తగిలించి, వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు. పాట పెట్టలేదు. హమ్మింగ్ చూడాలంటే పాట ఉండకూడదు. నాలుగు ఫిలమెంట్లూ సన్నగా ఎర్రబారాయి. ఆయన స్పీకరు కాగితం మీద వేళ్లు ఆనించి, కండ్లు మూసుకున్నాడు.

"పోయింది," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో వచ్చిన సంతోషం చూసి చాలా రోజులైంది.

నాకు వినబడుతోంది. ముందున్నంత లేదు. కానీ ఉంది. ఆయన వేళ్లకు తెలియనంత సన్నగా ఉంది. సేటు చెవికి మాత్రం తెలుస్తుంది.

ఆ కొద్దిసేపట్లో నేను చాలా ఆలోచించాను. లేదని చెబితే ఈ సంతోషం రేపు సేటు వచ్చేదాకా ఉంటుంది. ఉన్నదంటే ఇప్పుడే పోతుంది. లేదనడమే సులువు. ఎన్నో విషయాల్లో సులువైనదే చేసినదాన్ని. కానీ రేపు సేటు చెబితే షట్టరు పడుతుంది, నేను చెబితే ఒకపూట తిట్లు పడతాయి. తిట్లు నాకు కొత్త కాదు.

"ఉన్నది," అన్నాను. వినబడలేదు. "ఇంక ఉన్నది," అని గట్టిగా అన్నాను.

"నీకేం తెలుసు? వాల్వులు తోమినంత సులువనుకున్నవా?"

"తెల్వదు. కని వినవడ్తాంది."

ఆయన బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. నేను లోపల స్టూలు మీద కూర్చున్నాను. ఫిలమెంట్లు వెలుగుతున్నాయి, స్పీకరు బుయ్యంటోంది. మా ఇద్దరి మధ్య మాట్లాడేది అదొక్కటే. కాసేపటికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఎట్ల వస్తాంది?"

"ఎట్లంటె?"

"కందిరీగ లెక్క గీరుకపోయినట్టా? మిల్లు లెక్క బొంగురా? సరిగ ఇని చెప్పు."

స్పీకరుకు చెవి ఆనించాను. ఇంత శ్రద్ధగా నేను టీచరమ్మ మాట కూడా వినలేదు.

"మిల్లు. పరకాల తొవ్వల బియ్యం మిల్లు దూరంకెల్లి ఇన్నట్టు."

"మిల్లయితె ఫిలమెంటు దిక్కే," అని లోపలికి వచ్చి పెట్టె బోర్లించాడు. చూసి చూసి తన నెత్తి మీద తానే కొట్టుకున్నాడు. కొత్తగా వేసిన డీసీ లైను మొత్తం ఎక్కడా ఛాసిస్‌కు, అంటే ఆ ఇనుప పెట్టెకు, ముడిపడలేదు. గాలిలో వేలాడుతోంది. వేలాడే లైను చుట్టుపక్కల ఉన్న సప్పుడునంతా పోగేసుకుంటుందట. దాని ఒక కొసను పెట్టెకు కట్టాలి. ఎక్కడ కడితే సప్పుడు పోతుందో విని చూడాల్సిందే.

నేను స్పీకరు దగ్గర, ఆయన పెట్టె దగ్గర. సప్పుడు పెరిగితే నేను చెయ్యి ఎత్తాలి, తగ్గితే దించాలి. ఆయన తీగ కొసను ఇనుము మీద ఒక్కో చోట ఆనిస్తాడు, నన్ను చూస్తాడు. ఇందులో కూడా నేను పొరపాటు చేయకుండా ఉండలేకపోయాను. చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే పెరిగిందనుకుని మంచిచోటు వదిలేశాడు. కొంగు సర్దుకుంటే ఇంకో చోటు వదిలేశాడు.

"చెయ్యి ఆడియ్యకే."

"మనిషినా, సిగ్నల్ స్తంభాన్నా?"

చివరికి చేతులు ఒళ్లో పెట్టుకుని తలతో చెబుతానన్నాను. ఇన్‌పుట్ తీగ వచ్చే మూల దగ్గర ఆయన కొస ఆనించగానే మిల్లు ఆగిపోయింది. నా చెవిలో నా నెత్తురు పారే సప్పుడు వినబడింది. నేను తల ఊపడం మరిచిపోయి ఉట్టిగా చూస్తూ కూర్చున్నాను.

"ఏమైంది? ఇప్పుడు?"

"లేదు."

"నన్ను చూసి అంటానవా?"

"ఇందాక ఉన్నదంటె తిట్టినవ్. ఇప్పుడు లేదంటె గూడ తిడ్తవా?"

ఆయన అక్కడే టంకం పెట్టాడు. తీగ చల్లారేదాకా కొసను వదల్లేదు.

ఆయుధ పూజ నాటి సాయంత్రం సేటు వచ్చాడు. మా ఆయన పెట్టె పెట్టి, వాల్యూమ్ చివరిదాకా తిప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సేటు స్పీకరు గుడ్డకు చెవి ఆనించాడు. ఎంతసేపటికీ తీయలేదు. నేను దేవుని పటం వైపు చూశాను. విభూతి విషయంలో ఆ దేవునికి నా మీద కోపం ఉండకూడదని మొక్కుకున్నాను.

"అన్నా, ఆన్ జేసినవా?" అన్నాడు సేటు.

మా ఆయన మూత ఎత్తి చూపించాడు. నాలుగూ ఎర్రగా ఉన్నాయి. సేటు వాటి దిక్కు చూసి, మళ్లీ చెవి ఆనించి, ఈసారి మెల్లగా లేచాడు.

"నమ్మబుద్ధయితలేదు. పూరాగ పోయిందంటవా? నీకు ఏమన్న వినవడ్తాందా అన్నా?"

ఆ మాట ఆయనకు ఎంతవరకు వినబడిందో నాకు తెలియదు. పెదవులు చూసి పట్టుకున్నాడేమో. నేను అడ్డం పోయి చెబుదామనుకున్నాను. తిరిగొచ్చిన సెట్ల దగ్గర ఆయన ఏం చెప్పేవాడో నాకు కంఠస్థం. ఎర్తు సంగతి, ఫ్రిజ్జు సంగతి. ఈసారి అవేవీ రాలేదు.

"నాకు ఇనవడదు సేటు. చానా దినాలైంది," అన్నాడు. "చేసుడు నేను చేసిన. ఇన్నది మా ఇంటామె. ఆమెను అడుగు."

సేటు నా వైపు తిరిగాడు. "చెప్పు వదినె."

బస్సుల్లో అడగకుండానే అన్నీ చదివి వినిపించినదాన్ని. ఆ పూట అడిగితే తల మాత్రం అడ్డంగా ఊపాను. మళ్లీ అది ఎట్లా అర్థం చేసుకుంటాడోనని భయమేసి, "లేదు. ఏం లేదు" అన్నాను.

సేటు పెట్టెను శాలువాలో చుట్టుకున్నాడు. గడప దాటి, సందులో నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. సందు చీకట్లో మా ఆయనకు పెదవులు కనబడలేదు.

"ఏమన్నడు?"

"పరకాల్ల వాళ్ల బావగారింట్ల ఒక వాల్వు సెట్టు మూలకు పడున్నదట. తెమ్మంటవా అని అడుగుతాండు."

"ఏంది?"

మళ్లీ చెప్పాను. మూడోసారి అరిచాను. టీకొట్టు దగ్గర ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. పరకాల్లో ఎవరింట్లో ఏముందో సందంతా తెలిసిపోయింది.

"తెమ్మను," అన్నాడు ఆయన. "ఎప్పుడు తెస్తడో అడుగు పో."

నేను చెప్పులు వేసుకోకుండా సందు చివరిదాకా ఉరికాను. సేటు అప్పటికే కారులో కూర్చున్నాడు. అద్దం మీద కొట్టి అడిగితే, పండుగ పోయినంక తెస్తానన్నాడు. వగరుస్తూ వచ్చి, ఆయన పక్కన ఉన్న ఖాళీ స్టూలు మీద కూర్చుని, "పండుగ పోయినంక" అన్నాను. మామూలుగానే అన్నాను, అరిచే ఓపిక లేదు.

"సరే," అన్నాడు ఆయన.

మొదటిసారే వినబడింది. ఎట్లా వినబడిందని అడిగితే, నువ్వు ఎప్పుడూ కూర్చునే దిక్కు కాకుండా ఈ దిక్కు కూర్చున్నావు, కుడి చెవి కొంచెం నయం అన్నాడు. షాపులోనైనా, ఇంట్లోనైనా, బస్సులోనైనా ఇన్నేళ్లూ నేను ఆయన ఎడమ పక్కన కూర్చునే మాట్లాడాను.